నల్లకోటుకు తొలి వాయిదా

లా పట్టా చేతికొచ్చింది. నల్లకోటు కుట్టించడమూ అయింది. ఇక మిగిలింది... ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అడిగే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పడం. సెక్షన్లన్నీ బట్టీ పట్టినవాళ్లు అక్కడ తడబడుతున్నారు. 'తెలియదు సార్' అన్నవాళ్లు ఒక్కోసారి నెగ్గుకొస్తున్నారు. ఎందుకలా?

ఉదయం తొమ్మిదిన్నర. సీనియర్ లాయరుగారి ఆఫీసు హడావుడిగా ఉంది. గుమాస్తా ఆ రోజు వాయిదా ఉన్న ఫైళ్లన్నీ వరుసగా పేర్చి సంచిలో సర్దుతున్నాడు. గోడవారగా బెంచీ మీద ఓ అబ్బాయి, ఓ అమ్మాయి కూర్చుని ఉన్నారు. ఇద్దరూ కొత్తగా లా పాసైనవాళ్లే. జూనియర్‌గా చేరదామని వచ్చారు. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, కర్నూలు... ఏ ఊళ్లోనైనా కోర్టుల చుట్టుపక్కల ఇలాంటి దృశ్యం మామూలే.

'ఏమయ్యా, 482 అంటే ఏమిటి?' కాగితాల మీద నుంచి తలెత్తకుండానే అడిగారు సీనియర్.

'ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్ సార్' ఠక్కున చెప్పాడు అబ్బాయి.

'ఇప్పటికీ అంతేనా?'

'అంతే సార్. మొన్న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.'

'ఏ కేసులో?'

'పేరు గుర్తులేదు సార్... కానీ చెప్పింది.'

సీనియర్ అమ్మాయి వైపు తిరిగారు. 'నువ్వు చెప్పమ్మా.'

'ఏ 482 సార్? పాత సీఆర్‌పీసీలో అయితే హైకోర్టు సహజాధికారం. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు.'

'మరి పాత 482 ఇప్పుడెక్కడికి పోయింది?'

ఆ అమ్మాయి ఓ క్షణం ఆగింది. 'నంబరు గుర్తు రావట్లేదు సార్. బేర్ యాక్ట్ బ్యాగులోనే ఉంది. ఒక్క నిమిషం ఇస్తే చూసి చెబుతాను.' పేజీలు తిప్పింది. '528 సార్.'

మర్నాటి నుంచి ఆఫీసుకు రమ్మన్నది ఎవరినో వేరే చెప్పాలా!

నిజానికి ఆ ఇద్దరికీ పూర్తి జవాబు తెలియదు. ఒకరు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పారు. ఇంకొకరు తెలిసినంత వరకూ చెప్పి, తెలియని చోట ఆగారు. తేడా అంతే! కానీ కోర్టు పనిలో ఆ 'అంతే' చాలా పెద్దది. అరెస్టు భయంతో ఓ కుటుంబం రాత్రంతా కూర్చుని రాయించుకున్న ముందస్తు బెయిలు పిటిషన్... తప్పు సెక్షన్ కింద దాఖలైతే ఆఫీసు అభ్యంతరం పెట్టి తిప్పి పంపొచ్చు. సరిచేసి మళ్లీ వేసేసరికి ఓ రోజో రెండు రోజులో గడిచిపోతాయి. ఈలోపు పోలీసులు ఇంటికొస్తే? జూనియర్ ఆడిన అబద్ధానికి శిక్ష పడేది క్లయింటుకి.

అందుకే న్యాయరంగంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎన్ని ప్రశ్నలు అడిగినా, వాళ్ల మనసులో ఉండేది ఒకటే ప్రశ్న. 'ఈ మనిషి చేతికి ఫైలు ఇవ్వొచ్చా?'

గుమ్మాలు వేరు... ప్రశ్న ఒకటే

ఒకప్పుడు ప్లీడరీ చదివితే ఎవరో ఒక సీనియర్ దగ్గర చేరడమే దారి. ఇప్పుడు దారులు పెరిగాయి. సీనియర్ ఆఫీసు, లా ఫర్మ్, కంపెనీల లీగల్ విభాగం, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కు, న్యాయసేవాధికార సంస్థలు, జడ్జి పరీక్ష... ఒక్కోచోట ఇంటర్వ్యూ తీరు ఒక్కోలా ఉంటుంది.

సీనియర్ ఆఫీసులో ఇంటర్వ్యూ అన్నమాటే వినిపించదు. 'రేపు సాయంత్రం ఒకసారి కనపడవయ్యా' అంటారు. అదే ఇంటర్వ్యూ! చదువు గురించి రెండు ముక్కలు అడిగి, ఎదురుగా ఓ ఫైలు పెట్టి 'ఇది చదివి విషయమేంటో చెప్పు' అంటారు. అక్కడ చూసేది పాండిత్యం కాదు. ఎవరు ఎవరిమీద దావా వేశారు, ఏం కోరుతున్నారు, కేసు ఇప్పుడు ఏ దశలో ఉంది, వచ్చే వాయిదా దేనికి... ఈ నాలుగూ రెండు నిమిషాల్లో చెప్పగలిగితే సగం గెలిచినట్టే. తేదీలు వరుసగా ఓ కాగితం మీద రాసుకుని చెబితే మిగతా సగమూ గెలిచినట్టే.

లా ఫర్మ్‌లో పద్ధతి వేరు. ముందు రెజ్యూమె, తర్వాత రాతపని నమూనా, ఆపైన రెండు మూడు విడతల సంభాషణ. ఓ ఒప్పందం ముసాయిదా చేతికిచ్చి 'మన క్లయింటుకు ఇందులో ప్రమాదం ఎక్కడుంది?' అని అడగడం మామూలే. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి ఒప్పందంలో 'వివాదం వస్తే ఢిల్లీ కోర్టులోనే తేల్చుకోవాలి' అని ఓ మూల చిన్న వాక్యం ఉందనుకోండి. పది లక్షల బాకీ కోసం ఆయన ఎన్నిసార్లు రైలెక్కాలి? అది పట్టుకున్నవాళ్లకే ఆఫర్ లెటరు.

కంపెనీవాళ్లకు చట్టం ఏం చెబుతోందో అన్నదానికంటే, 'ఇప్పుడు మేమేం చేయాలి?' అన్నదే ముఖ్యం. 'కుదరదు' అని ఊరుకునే లాయరు కన్నా 'ఇలా కుదరదు, అలా అయితే కుదురుతుంది' అనేవాళ్లు కావాలి వాళ్లకి. ఇక్కడ మరో సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది ప్రకారం ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదు. చేరితే ఆ విషయం రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. 'మీ ఎన్‌రోల్‌మెంట్ సంగతేంటి?' అని అడిగినప్పుడు ఈ మాట తెలియక నీళ్లు నమిలితే, సొంత వృత్తి నిబంధనలే తెలియవని వాళ్లకు అర్థమైపోతుంది.

న్యాయసేవాధికార సంస్థల్లో పేదల తరఫున వాదించే డిఫెన్స్ కౌన్సిల్ పోస్టులకు వెళ్లేవాళ్లను క్రిమినల్ లా మీద గుచ్చి గుచ్చి అడుగుతారు. అందులో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఒకటుంది. అరెస్టయిన మనిషి మీద పోలీసులు గడువులోగా చార్జిషీటు వేయకపోతే బెయిలు అతని హక్కు. ఆ గడువు మామూలుగా 60 రోజులు. మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లూ అంతకు పైబడిన శిక్షో పడే నేరాలకు 90. భారతీయ నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్ చెప్పేది ఇదే. మరి లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది? రిమాండుకు పంపిన రోజుతో కలిపే లెక్కపెట్టాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. హక్కు పుట్టాక కూడా లాయరు దరఖాస్తు వేయకుండా కూర్చుంటే, ఈలోపు చార్జిషీటు దాఖలైతే... ఆ హక్కు జారిపోతుంది. ఒక్కరోజు లెక్క తప్పితే ఓ మనిషి నెలల తరబడి జైల్లోనే ఉండిపోవచ్చు. ఇంటర్వ్యూ బోర్డు అడిగే 'చిన్న' ప్రశ్న వెనుక ఉన్న బరువు అది.

రెజ్యూమెలో రాసిందంతా వాంగ్మూలమే

కోర్టులో సాక్షి చెప్పే ప్రతి ముక్క మీదా క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటుంది. రెజ్యూమె కూడా అంతే. అందులో రాసిన ప్రతి వాక్యం మీదా ప్రశ్న వస్తుంది.

'మూట్ కోర్టులో పాల్గొన్నాను' అని రాశారా? 'ఏ సమస్య మీద? మీరు ఏ పక్షం? ఎదుటివాళ్ల వాదనలో బలమైన ముక్క ఏది?' అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లే నిజంగా వాదించినవాళ్లు. 'పరిశోధనా వ్యాసం రాశాను' అంటే దాని సారాంశం మూడు వాక్యాల్లో చెప్పమంటారు. నలుగురు కలిసి రాసినదైతే 'నేను రాసిన భాగం ఇదీ' అని చెప్పేయడమే మేలు.

ఇంటర్న్‌షిప్ గురించి అడగని ఇంటర్వ్యూ ఉండదు. బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సు చదివేవాళ్లు 12 వారాలు, అయిదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. కొందరు సర్టిఫికెట్ తెచ్చుకుని ఊరుకుంటారు. అలాంటివాళ్లు 'అక్కడ ఏం చేశావు?' అనగానే 'చాలా నేర్చుకున్నాను సార్' అంటారు. ఆ మాటకు విలువ లేదు. 'రెండు వారాలు ఫైలింగ్ సెక్షన్ చుట్టూ తిరిగాను. పిటిషన్లు ఎందుకెందుకు వెనక్కి వస్తాయో ఓ నోటు పుస్తకంలో రాసుకున్నాను' అన్నారనుకోండి. పెద్ద ఫర్మ్ పేరు లేకపోయినా సరే, ఆ జవాబు వినేవాళ్లను కుర్చీలో నిటారుగా కూర్చోబెడుతుంది.

ఇక్కడే ఓ గొయ్యి ఉంది. పని చేసినట్టు నిరూపించుకోవాలన్న ఆత్రంలో చాలామంది నోరు జారుతుంటారు. 'ఫలానా వ్యాపారి విడాకుల కేసు నేనే చూశాను సార్. ఆయన అసలు ఆస్తి ఎంతంటే...' అంటూ మొదలుపెడతారు. ఎదుటివాళ్లు ఆసక్తిగా విన్నట్టే కనిపిస్తారు. లోపల మాత్రం కలం పక్కన పెట్టేస్తారు. ఎందుకంటే ఇవాళ పాత ఆఫీసు గుట్టు ఇక్కడ విప్పినవాళ్లు, రేపు ఈ ఆఫీసు గుట్టు ఇంకోచోట విప్పుతారు. క్లయింటు తన లాయరుకు చెప్పుకున్న మాటలకు చట్టమే రక్షణ ఇచ్చింది. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వది. కాబట్టి పేర్లు, ఊర్లు, అంకెలు తీసేసి కేసు చెప్పడం ముందే సాధన చేసుకోవాలి. 'ఓ కుటుంబ ఆస్తి తగాదా. ముగ్గురు అన్నదమ్ములు. విభజన పత్రం రిజిస్టర్ కాలేదు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్నది ప్రశ్న' అంటే చాలు. విషయమూ తెలుస్తుంది. మనిషీ తెలుస్తాడు.

'తెలియదు' చెప్పడానికీ ఓ పద్ధతుంది

'తెలియదు' అని ఊరుకుంటే అది అజ్ఞానమే. దానికి మూడు మెట్లున్నాయి.

మొదటిది... తెలిసినంత వరకూ చెప్పడం. 'ఆ సెక్షన్ నంబరు చెప్పలేను కానీ సూత్రం ఇదీ' అనడం. రెండోది... హద్దు గీయడం. 'ఇక్కడి నుంచి నాకు కచ్చితంగా తెలియదు' అని ఒప్పుకోవడం. మూడోది... ఎలా తెలుసుకుంటారో చెప్పడం. 'ముందు బేర్ యాక్ట్ చూస్తాను. తర్వాత సుప్రీంకోర్టు తీర్పులు, మన హైకోర్టు తీర్పులు వెతుకుతాను. ఆ తీర్పును తర్వాత ఎవరైనా కొట్టేశారేమో చూసుకుంటాను' అనడం. ఈ మూడో మెట్టు దగ్గరే అసలు లాయరు బయటపడతాడు.

ఇప్పుడు ఈ పద్ధతి అవసరం మరీ పెరిగింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358. సినిమాల పుణ్యమా అని ఇంటింటికీ తెలిసిన 302 ఇప్పుడు 103. తిట్టుగా కూడా స్థిరపడిపోయిన 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపవిభాగం. ఎఫ్ఐఆర్ నమోదుకు 154కు బదులు 173. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అంటే కొత్త లాయరుకు రెండూ తెలియాలి. ముప్ఫయ్యేళ్ల అనుభవం ఉన్న సీనియర్లే పట్టిక పక్కన పెట్టుకుని పిటిషన్లు రాయించిన రోజులివి. కొత్తవాళ్లు పుస్తకం చూసి చెబుతామంటే ఎవరూ తప్పుపట్టరు.

ఇంకో ముప్పు కంప్యూటర్ నుంచి వచ్చింది. 2023లో న్యూయార్క్‌లో ఓ విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీని అడిగి తీర్పులు ఉదహరించారు. తీరా చూస్తే అందులో కొన్ని అసలు లోకంలోనే లేవు! ఆ యంత్రం పేర్లు, నంబర్లతో సహా కల్పించి ఇచ్చింది. కోర్టు ఆ లాయర్లకు అయిదు వేల డాలర్ల జరిమానా వేసింది. 'రీసెర్చ్‌కు ఏఐ వాడతారా?' అన్న ప్రశ్న ఇప్పుడు ఏ ఇంటర్వ్యూలోనైనా ఎదురుకావచ్చు. 'వాడను' అని బడాయి పోనక్కర్లేదు. 'వెతకడానికి వాడతాను. కానీ అసలు తీర్పు తెరిచి చదవకుండా ఒక్క పేరు కూడా పిటిషన్‌లో పెట్టను' అనడమే నిజాయతీ. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి డిజిటల్ రిపోర్టులుగా ఉచితంగానే దొరుకుతున్నాయి. తెరిచి చూడకపోవడానికి సాకు లేదు.

ఇరుకున పెట్టే ప్రశ్నలు

కొన్ని ప్రశ్నలు చట్టం గురించి కాదు, మనిషి గురించి.

'మన వాదనకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. ఎదుటి లాయరు దాన్ని చూడలేదు. నువ్వేం చేస్తావు?' దాచేస్తానంటే తెలివైనవాడు అనుకుంటారనుకోవడం పొరపాటు. ముందు సీనియర్‌కు చెప్పాలి. ఆ తీర్పులోని సంగతులకూ మన కేసుకూ తేడా ఎక్కడుందో వెతకాలి. కోర్టును తప్పుదారి పట్టించి గెలిచిన కేసు పైకోర్టులో నిలవదు. జడ్జి ముందు ఒకసారి పోయిన మాట మళ్లీ రాదు.

'క్లయింటు కచ్చితంగా గెలుస్తామని చెప్పమంటున్నాడు. చెబుతావా?' చెప్పకూడదు. బలమేంటో, బలహీనతేంటో, ఎంతకాలం పట్టొచ్చో చెప్పాలి. ఇల్లు తాకట్టు పెట్టి కేసు నడిపే మనిషికి ఉత్త ధైర్యం కన్నా నిజమే మేలు చేస్తుంది.

అమ్మాయిలకు మాత్రం మరో ప్రశ్న ఎదురవుతుంటుంది. 'పెళ్లయ్యాక మానేస్తావేమో కదమ్మా?' అబ్బాయిలను ఎవరూ అడగరిది. కోపం రావడం సహజమే. గొంతు పెంచకుండా, తల దించకుండా 'ఈ వృత్తిలో ఉండటానికే వచ్చాను సార్. పని వేళలు, ఊళ్లు తిరగడం గురించి చెప్పండి. నేను సిద్ధమే' అని మాట పని మీదకు మళ్లించవచ్చు. అయినా అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగితే... ఆ ఆఫీసు తనకు తగినదేనా అని తేల్చుకోవాల్సింది ఆ అమ్మాయే. ఇంటర్వ్యూ రెండువైపులా జరుగుతుంది.

ఇంగ్లిషు భయం సంగతి సరేసరి. తెలుగు మీడియంలో చదివి లాసెట్ రాసి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో సగం మనోబలం అక్కడే పోగొట్టుకుంటారు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారాలు ఇంగ్లిషులో నడుస్తాయి కాబట్టి ఆ భాష తప్పించుకోలేనిదే. అలాగని యాస పెట్టి మాట్లాడనక్కర్లేదు. చిన్న చిన్న వాక్యాలు, తప్పుల్లేకుండా, నెమ్మదిగా చెబితే చాలు. పైగా కింది కోర్టులో సాక్షి మాట్లాడేది తెలుగే. పొలం గట్టు తగాదాలో రైతు చెప్పే మాటలో మెలిక అర్థమయ్యేది ఆ భాష తెలిసినవాళ్లకే. అది లోపం కాదు, బలం. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ 1983లో న్యాయవాదిగా నమోదై, 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు దాకా దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ఇంట్లో నల్లకోటు లేనంత మాత్రాన దారి లేనట్టు కాదు.

జడ్జి కావాలంటే...

కాలేజీ నుంచి నేరుగా జడ్జి పరీక్షకు వెళదామనుకున్నవాళ్ల లెక్కలు 2025 మే 20న మారిపోయాయి. సివిల్ జడ్జి తొలి మెట్టు పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు ఆ రోజు తీర్పునిచ్చింది. ఈ షరతు కొత్తదేం కాదు. 2002లో తీసేసినదాన్నే మళ్లీ తెచ్చారు. తాత్కాలికంగా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే అనుభవం లెక్కకొస్తుందనీ, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుకోవచ్చనీ ఆ తీర్పు చెప్పింది. ప్రాక్టీసు చేసినట్టు పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని న్యాయాధికారి ధ్రువీకరించాలి. దరఖాస్తు చేసేముందు నోటిఫికేషన్‌లో ఈ షరతును ఎలా రాశారో చదువుకోవడం తప్పనిసరి.

దీంతో ఏ సీనియర్ దగ్గర చేరుతున్నామన్నది ఇంకా ముఖ్యమైపోయింది. ఎందుకంటే జడ్జి పోస్టు ఇంటర్వ్యూలో ఆ మూడేళ్లు ఏం చేశారన్నదీ ప్రశ్నే. రాతపరీక్ష మార్కులు జ్ఞాపకశక్తిని చూపిస్తాయి. ఎదురుగా కూర్చున్న న్యాయమూర్తులు చూసేది నిదానాన్ని. ప్రశ్న పూర్తిగా వింటున్నారా? రెండు వైపులా ఆలోచిస్తున్నారా? తప్పు చూపిస్తే ఒప్పుకుంటున్నారా? పట్టుబట్టి తప్పునే సమర్థించుకునే మనిషిని రేపు న్యాయపీఠం మీద కూర్చోబెట్టడానికి ఎవరూ ఇష్టపడరు.

డబ్బు సంగతి అడగొచ్చా?

అడగాలి. సీనియర్ ఆఫీసులో డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదన్న భావన చాలాకాలంగా ఉంది. 'పని నేర్పడమే గొప్ప' అన్న రోజులూ ఉన్నాయి. కానీ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలకు బస్సు పాసూ, భోజనమూ ఊరికే రావు. నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలకు తగ్గకుండా జూనియర్లకు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. అయినా మాట ఎత్తడానికి ఓ ఆధారం దొరికింది. పని గురించి అంతా మాట్లాడుకున్నాక, చివర్లో 'జూనియర్లకు ఆఫీసు ఏమైనా ఇస్తుందా సార్?' అని సూటిగా, వినయంగా అడిగితే తప్పులేదు. జవాబు నచ్చకపోతే ఆలోచించుకుని చెబుతామనవచ్చు.

ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు మాత్రం తగ్గింది. న్యాయవాదుల చట్టంలో ఉన్నదానికి మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకుముందు వేలల్లో కట్టిన కుటుంబాలెన్నో! ఆ తర్వాత ప్రాక్టీసు కొనసాగించడానికి ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. 2011లో మొదలైన ఆ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. 'బార్ పరీక్ష అయిందా?' అంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. రాయకపోతే ఎప్పుడు రాస్తారో చెప్పాలి.

ముందురోజు రాత్రి ఇవి సర్దుకోండి

* రెజ్యూమె రెండు ప్రతులు. అందులో ప్రతి వాక్యానికీ ఓ ఉదాహరణ సిద్ధంగా ఉండాలి.

* సొంతంగా రాసిన పిటిషనో, నోటో ఒకటి. పేర్లు తీసేసి ఇవ్వాలి.

* నోట్సు రాయని బేర్ యాక్టులు... కనీసం క్రిమినల్, సివిల్ ప్రొసీజర్లు.

* ఆ సీనియర్ లేదా ఆ సంస్థ ఎక్కువగా ఏ రకం కేసులు చూస్తారన్న సమాచారం. భూతగాదాలు చూసే ఆఫీసుకు వెళ్లి 'కార్పొరేట్ లా అంటే ప్రాణం సార్' అంటే ఎలా?

* ఇటీవలి తీర్పు ఒకటి, మొదటి నుంచి చివరి వరకూ చదివి ఉండాలి. పేపర్లో హెడ్డింగ్ చూస్తే సరిపోదు.

* ఉతికి ఇస్త్రీ చేసిన సాదా దుస్తులు. మెడలో బ్యాండ్స్, ఒంటి మీద గౌను వద్దు. కోర్టు బయట బహిరంగ ప్రదేశాల్లో అవి వేసుకోకూడదన్నది బార్ కౌన్సిల్ నిబంధన. తెలియక వేసుకెళితే మొదటి ప్రశ్నకు ముందే ఒక మార్కు పోయినట్టు!

* వీడియోలో ఇంటర్వ్యూ అయితే పక్కన కాగితం అంటించుకుని చదవొద్దు. కళ్లు కదలడం అవతలివాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది.

అమ్మానాన్నలూ... కాస్త ఓపిక

పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో చేరిన నెలకే జీతం తెచ్చాడు. మన పిల్ల మూడేళ్లు చదివి, ఇప్పుడు ఎవరో లాయరు దగ్గర ఫైళ్లు మోస్తోంది... ఈ పోలిక ఇంట్లో రోజూ వినిపిస్తే, ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు ఏదో ఒకటి చెప్పి పని సాధించుకోవాలన్న ఆత్రంలో పడతారు. అబద్ధాలు పుట్టేది ఆ ఆత్రంలోనే. వకీలు వృత్తిలో మొదటి రెండు మూడేళ్లు విత్తనం భూమిలో ఉన్న కాలం. పైకి ఏమీ కనిపించదు.

తెలిసినవాళ్ల సిఫారసుతో వెళ్లడం తప్పు కాదు. సిఫారసు గుమ్మం దాకా తీసుకెళుతుంది. ఫైలు చేతికి రావడం మాత్రం సొంత మాట మీదే ఆధారపడి ఉంటుంది. పిల్లల పక్కన కూర్చుని వాళ్ల తరఫున జవాబులు చెప్పే నాన్నలూ ఉంటారు. తన తరఫునే తాను మాట్లాడలేని వాళ్లు రేపు క్లయింటు తరఫున ఏం మాట్లాడతారన్న అనుమానం ఆ సీనియర్‌కు రాదా?

ఇంతకీ ఆ ఉదయం 'చూసి చెబుతాను సార్' అన్న అమ్మాయి... మర్నాడు ఆఫీసుకు వచ్చేసరికి బల్ల మీద ఓ ఫైలు ఉంది. ఓ తల్లి, కొడుకు బెయిలు కోసం తెచ్చిన కాగితాలు. 'రిమాండు తేదీ నుంచి లెక్కపెట్టి చెప్పమ్మా, ఎన్నో రోజో' అన్నారు సీనియర్. ఆ అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆగింది. క్యాలెండర్ తీసి మళ్లీ లెక్కపెట్టింది.

'58 సార్. ఎల్లుండితో 60 పూర్తి.'

గుమ్మం దగ్గర నిలబడిన ఆ తల్లికి సెక్షన్లు తెలియవు. రెండుసార్లు లెక్కపెట్టిన ఆ అమ్మాయి మీద నమ్మకం మాత్రం కలిగింది.